పిరమిడ్‌లో మా వాళ్లు ఎక్కడ?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం గురించి ఉన్నాయి. బడుల్లో ఇది ప్రాజెక్టుల కాలం కదా. మొదటి ఉత్తరానికి జవాబు పొడవుగా రాస్తున్నాను. మిగతా వాళ్లు ఏమీ అనుకోవద్దు, మీకు కావలసింది కూడా చాలావరకు అందులోనే ఉంది.

ప్రశ్న: నమస్తే మేడం. మేం తొమ్మిదో తరగతి. ఐదుగురం ఒక గ్రూపు. మధ్యయుగంలో సమాజం ఎలా ఉండేది, ఎవరు ఏ పని చేసేవారు అన్నది మా ప్రాజెక్టు. నెట్‌లో ఎంత వెతికినా యూరప్ పిరమిడ్ బొమ్మలే వస్తున్నాయి. పైన రాజు, ఆయన కింద ప్రభువులు, తర్వాత నైట్లు, అడుగున సెర్ఫులు. మాకేమో కాకతీయుల మీద చేయాలని ఉంది. అదే బొమ్మలో పేర్లు మార్చి రుద్రమదేవి, నాయకులు, సైనికులు, రైతులు అని రాస్తే సరిపోతుందా? పదిహేను రోజులే టైముంది. చాలా టెన్షన్‌గా ఉంది. (జనగామ నుంచి ఐదుగురు విద్యార్థినులు)

జవాబు: సరిపోదమ్మా. ఎందుకో చెప్పే ముందు నా సంగతి ఒకటి వినండి.

నేను ముప్పై ఏళ్లు సోషల్ చెప్పాను. మొదటి ఏడెనిమిదేళ్లు నేనూ ఆ పిరమిడ్డే బోర్డు మీద గీశాను. ఒకరోజు గీయడం అయిపోయి ఇటు తిరిగేసరికి మూడో బెంచీలో ఒక పిల్లాడు లేచి నిలబడి ఉన్నాడు. వాళ్లింట్లో గొర్రెలు కాస్తారు. "మేడం, గండ్ల మా వాళ్లు ఏడుంటరు?" అని అడిగాడు. నేను సుద్దముక్కతో అడుగు గీత చూపించాను. వాడు కూర్చున్నాడు. ఆ ఏడాది పొడుగునా నా క్లాసులో మళ్లీ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

మరుసటి వేసవిలో ద్రాక్షారామం వెళ్లాం. భీమేశ్వరస్వామి గుడిలో శాసనాలు వందల్లో ఉన్నాయి, స్తంభాల మీద, గోడల మీద. మాతో వచ్చిన పెద్దాయన ఒకరికి పాత తెలుగు లిపి చదవడం వచ్చు. ఆయన ఒక్కొక్కటీ వేలు పెట్టి చదువుతుంటే నాకు అర్థమైంది, వాటిలో ఎక్కువ భాగం దీపాల లెక్కలు. ఎవరో ఒకరు తల్లిదండ్రుల పుణ్యం కోసం గుడిలో అఖండ దీపం పెట్టిస్తారు. దీపానికి రోజూ నెయ్యి కావాలి. దానికోసం 25 ఆవులో, 50 గొర్రెలో ఇస్తారు. ఆ మందను ఫలానా బోయ తీసుకున్నాడు, అతనూ అతని కొడుకులూ మనవలూ సూర్యచంద్రులున్నంత కాలం రోజుకు ఇంత అని నెయ్యి పోయాలి, అని రాతి మీద ఉంటుంది. ఆ కాపరి పేరు కూడా ఉంటుంది. దానం ఇచ్చిన దొర పేరు పక్కనే, అదే ఉలితో చెక్కిన అక్షరాల్లో.

ఆ గుడి మెట్ల మీద కూర్చుని నేను మా మూడో బెంచీ పిల్లాడిని తలుచుకున్నాను. వాడు అడిగినప్పుడు నేను చెప్పాల్సిన జవాబు ఇది కదా అనిపించింది. (ఒక జాగ్రత్త. ఆ శాసనాల్లో బోయ అన్న మాట పశువుల మందలు చూసేవాళ్లకు పేరు చివర వచ్చేది. దాన్ని తీసుకొచ్చి ఇవాళ్టి ఒక కులానికి నేరుగా అంటించకండి.)

అందుకని మీరు పిరమిడ్ దగ్గర మొదలు పెట్టొద్దు. ఒక రాయి దగ్గర మొదలు పెట్టండి. మీకు నేను చెప్పే రాయి మల్కాపురం శాసనం. గుంటూరు జిల్లాలో మందడం పక్కనే ఉంటుంది. ఏడాది శక 1183, అంటే 1261. కాకతీయ గణపతిదేవుడికి శైవ గురువు విశ్వేశ్వర శంభు. ఆయనకు గణపతిదేవుడు మందడం ఇస్తానన్నాడు. రుద్రమదేవి తండ్రి మాట నిలబెట్టి ఆ ఊరు ఇచ్చింది, దానికి తోడు వెలగపూడి కూడా ఇచ్చింది. అవునమ్మా, ఇవాళ ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్న వెలగపూడే.

ఆ గురువు అక్కడ ఒక ఊరే కట్టించాడు. గుడి, మఠం, విద్యార్థులకు చదువు, సత్రం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల. ఇవన్నీ నడవాలంటే మనుషులు కావాలి కదా. ఆ మనుషుల పట్టికే శాసనంలో ఉంది. మీ ప్రాజెక్టుకు అంతకంటే మంచి ఆధారం నాకు తెలియదు. వేదాలు చెప్పడానికి ముగ్గురు. తర్కం, సాహిత్యం, ఆగమం లాంటివి చెప్పడానికి ఐదుగురు. ఒక వైద్యుడు. లెక్కలు రాయడానికి ఒక కాయస్థుడు. గుడిలో ఆడడానికి పదిమంది నర్తకులు, మద్దెలలు వాయించేవాళ్లు, పాడేవాళ్లు, కాశ్మీరం నుంచి వచ్చిన ఒక గాయకుడు. ఊరి కాపలాకు వీరభద్రులని పిలిచే పదిమంది. ఇంకా కంసాలి, కంచరి, రాతిపనివాడు, మేదరి, కమ్మరి, కుమ్మరి, గుడి కట్టడం తెలిసిన స్థపతి, వడ్రంగి, మంగలి. పని చెప్పి ఊరుకోలేదు, వాళ్ల బతుకుకు భూమిలో వాటాలు కూడా రాశారు.

కాశ్మీరం నుంచి కృష్ణ ఒడ్డుకు వచ్చిన ఆ గాయకుడు ఏ దారిన వచ్చాడో, ఇక్కడి ఎండకు ఎలా తట్టుకున్నాడో అని నేను చాలాసార్లు అనుకున్నాను. మీలో ఒకరు ఆయన పాత్ర తీసుకోండి.

సత్రంలో బ్రాహ్మణుడు మొదలుకొని చండాలుడి దాకా అందరికీ అన్నం పెట్టాలని కూడా ఆ శాసనం చెబుతుంది. ఇది గొప్ప మాట. మీ చార్టులో తప్పకుండా రాయండి. కానీ పక్కనే ఇంకో వాక్యం కూడా రాయండి: పై చివర ఎవరు, కింది చివర ఎవరు అని విడిగా చెప్పాల్సి వచ్చిందంటేనే ఆ సమాజంలో మెట్లు గట్టిగా ఉన్నాయని. రెండూ నిజమే. ఒకటి రాసి రెండోది వదిలేస్తే అది సగం చరిత్ర.

ఇప్పుడు పిరమిడ్ ఎందుకు కుదరదో చెబుతాను. ఆ బొమ్మలో ఎవరి గడి వారిదే, పుట్టిన గడిలోంచి కదలరు. కాకతీయుల కాలపు శాసనాల్లో నాయక, రెడ్డి, బోయ, సెట్టి అని పేర్ల చివర వచ్చే మాటలు చూస్తే, ఒకే ఇంట్లో తండ్రికి ఒకటి, కొడుక్కి మరొకటి కనిపిస్తాయి. సింథియా టాల్‌బట్ అనే చరిత్రకారిణి వందల శాసనాలు ముందేసుకుని ఇది చూపించారు. నాయకుడు అనేది చాలామంది కత్తితో, కొలువుతో సంపాదించుకున్న పేరు. రాజుల సంగతే చూడండి. కాకతీయులు సూర్యవంశం వాళ్లని కొన్ని శాసనాలు చెబితే, నాలుగో వర్ణం వాళ్లని ఇంకొన్ని శాసనాలు చెప్పాయి. దాన్ని ఆ కాలంలో ఎవరూ దాచిపెట్టలేదు. పైగా సిరి ఒక్క రాజు దగ్గరి నుంచే కిందికి దిగలేదు. చెరువు తవ్వించినవాడికి దాని కింద పండేదాంట్లో పదో వంతు వచ్చేది, దశబంధం అంటారు. గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ బయ్యారంలో చెరువు తవ్వించి శాసనం వేయించింది. కాకతీయుల తొలి తరాల వరస మనకు తెలిసింది చాలావరకు ఆ చెరువు శాసనం వల్లే.

ఐదుగురూ ఐదు పాత్రలు ఎంచుకోండి. ఒక్కొక్కరికీ మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ మనిషికి ఏం ముట్టేది? ఈ మనిషి ఏం ఇవ్వాలి? ఇవ్వకపోతే ఎవరు అడుగుతారు? దీపానికి నెయ్యి పోసే కాపరికి ఈ మూడింటికీ జవాబు రాతి మీదే ఉంది. 50 గొర్రెలు ముట్టాయి, రోజూ నెయ్యి ఇవ్వాలి, అడిగేది గుడి. మంద పెరిగితే అతనిది. రోగం వచ్చి తగ్గితే? నెయ్యి మాత్రం తప్పదు. ఇది రాసేటప్పుడు మీకే అతని గుండె దడ తెలుస్తుంది.

గుడిసాని పాత్ర ఒకరు తీసుకోండి. సాని అన్న మాట ఇవాళ తిట్టయిపోయింది, అందుకని మీకు ఇబ్బందిగా ఉండొచ్చు. ఆ రోజుల్లో అది గౌరవంగా పిలిచే మాట. గుడి కొలువులో ఉన్న ఆడవాళ్లు 'సాని మున్నూరు' అనే సంఘంగా ఉండేవారు. నాయకుల, సెట్టుల కూతుళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. సొంత సొమ్ముతో గుడికి దానాలిచ్చి తమ పేరున శాసనం వేయించుకున్నారు. గణపతిదేవుడి గజసేనాపతి జాయప చేబ్రోలులో గుడి కట్టించి, అక్కడి నర్తకులకు ఇళ్లు కట్టించాడు. నాట్యం మీద నృత్తరత్నావళి రాసింది ఆయనే. ఏనుగుల దళాన్ని నడిపినవాడు నాట్యశాస్త్రం రాశాడంటే, ఆయన్ని ఏ గడిలో పెడతారు చెప్పండి?

ఇక రాతి మీద పేరు లేనివాళ్లున్నారు. వాళ్లకోసం చార్టులో ఒక భాగం విడిగా ఉంచండి. పాలంపేట రామప్ప గుడి రేచర్ల రుద్రుడు కట్టించాడని 1213 నాటి శాసనం చెబుతుంది. ఆ గుడి చూరు కింద నిలబడ్డ మదనికలను, అంటే ఆడబొమ్మలను, చెక్కిన చేతులు ఎవరివి? రామప్ప అనేది శిల్పి పేరేనని జనం నోట నిలిచింది. చెరువుకు మట్టి మోసిన తట్ట ఎవరిది? పొలంలో నాటు వేసిన ఆడమనిషి పేరేమిటి? దానం ఇచ్చే స్తోమత ఉంటేనే రాయి మాట్లాడుతుంది. ఆ ఖాళీని ఖాళీగానే చూపించండి, కల్పించి నింపొద్దు.

ఆఖరుగా ఒక పని. మీ ఊళ్లో డెబ్బై దాటిన రైతు ఎవరైనా ఉంటే వెళ్లి 'మేర' అంటే ఏమిటని అడగండి. కోతలయ్యాక కళ్లం దగ్గర చాకలికి, కుమ్మరికి, వడ్రంగికి, తూము చూసే నీరటికి ధాన్యం ఎలా కొలిచి ఇచ్చేవారో చెబుతారు. ఇలా ఊరికి పనిచేసేవాళ్లను పన్నెండుమంది ఆయగాండ్లని మీ పుస్తకంలో చదివే పట్టిక తర్వాతి కాలాల్లో కుదురుకున్నది, కాబట్టి కాకతీయుల పేరు మీద దాన్ని అలాగే దించేయకండి. కానీ పనికి డబ్బు కాకుండా గింజలో వాటా అంటే ఎలా ఉంటుందో ఆ పెద్దాయన నోటి నుంచి వింటే మల్కాపురం పట్టిక మీకు వేరుగా కనిపిస్తుంది.

ప్రశ్న: టీచర్ గారూ, మా అబ్బాయి ఏడో తరగతి. మధ్యయుగ గ్రామం అని బడిలో చిన్న నాటకం వేయిస్తున్నారు. ఎవరి ఇంటి పని ఏదో అడిగి అదే వేషం ఇచ్చారు. మాది సెలూన్. వీడికి మంగలి వేషం. ఇప్పుడు క్లాసులో వాడిని పేరు పెట్టి పిలవడం లేదు. వాడు బడికి పోనంటున్నాడు. నేను వెళ్లి అడగాలా, ఊరుకోవాలా? (ఒక తల్లి, ఏలూరు)

జవాబు: వెళ్లండమ్మా. రేపే వెళ్లండి. గొడవ పడక్కర్లేదు, కానీ నెమ్మదిగా, గట్టిగా చెప్పండి: వేషాలు చీటీలు తీసి ఇవ్వాలి. ఇంటి పని చూసి వేషం ఇవ్వడమంటే పాఠం చెప్పడం కాదు, పాత కట్టును మళ్లీ పిల్లల మెడకు వేయడం. టీచర్ ఆలోచించకుండా చేసి ఉండొచ్చు. నేను కూడా సుద్దముక్కతో అడుగు గీత చూపించినదాన్నే కాబట్టి ఆ మాట అంటున్నాను. చెబితే వింటారు.

అబ్బాయితో కూడా మాట్లాడండి. పైన నేను రాసిన మల్కాపురం పట్టిక వాడికి చదివి వినిపించండి. 1261లో ఒక ఊరు నడవాలంటే ఎవరెవరు కావాలో లెక్క వేసినప్పుడు, స్థపతితో, కంసాలితో పాటు మంగలిని కూడా లెక్కలోకి తీసుకుని భూమిలో వాటా ఇచ్చారని చెప్పండి. దానితో వాడి బాధంతా పోతుందని నేను అనను. క్లాసులో పిల్లలు నోరు మూసుకునేలా చేయాల్సింది టీచరే.

ఇంకో సంగతి కూడా వాడికి నచ్చుతుంది. కాకతీయులకు ముందే, 1086 ప్రాంతంలో, వేంగిని ఏలిన రాజు తెలికులకు, అంటే నూనె గానుగ వాళ్ల సంఘానికి, పెళ్లిలో వధూవరులు గుర్రమెక్కి వీధుల్లో ఊరేగే హక్కు ఇస్తూ రాగి రేకుల మీద రాయించాడు. టేకి శాసనం అంటారు. గుర్రమెక్కడానికి కూడా రాజు అనుమతి కావలసిన కాలం అది. వాళ్లు దాన్ని సాధించుకుని రాగి మీద రాయించుకున్నారు. నాటకంలో ఆ పెళ్లి ఊరేగింపు పెడితే ఎంత బాగుంటుందో టీచర్‌కు చెప్పి చూడండి.

ప్రశ్న: మేం టెక్సాస్‌లో ఉంటాం. మా అమ్మాయి స్కూల్లో మధ్యయుగ పాత్రల ప్రాజెక్టు. అందరూ నైటు, లేడీ, సన్యాసి ఇలా ఎంచుకున్నారు. మా అమ్మాయి తెలుగు దేశం నుంచి ఒకరిని చేస్తానంటోంది. టీచర్ సరే అన్నారు, కానీ ఇంగ్లండ్‌తో పోల్చాలన్నారు. ఎవరిని తీసుకోమంటారు? (ఒక తండ్రి)

జవాబు: మోటుపల్లి రేవులో దిగిన సముద్ర వర్తకుడిని తీసుకోమనండి. ఇప్పటి బాపట్ల జిల్లాలోది ఆ రేవు. 1244లో గణపతిదేవుడు అక్కడ అభయ శాసనం వేయించాడు. గాలివానకు కొట్టుకొచ్చి ఒడ్డున పడ్డ ఓడలోని బంగారం, గుర్రాలు, ఏనుగులు, రత్నాలు అన్నీ వెనకటి రాజులు లాగేసుకునేవారు, మేం అలా చేయం, కట్టాల్సిన సుంకం మాత్రమే తీసుకుని మిగతాది వదిలేస్తాం అని అందులో ఉంది. ప్రాణం కన్నా ధనమే ముఖ్యమనుకుని సముద్రం దాటి వచ్చేవాళ్లంటూ వర్తకుల మీద జాలిపడ్డాడు రాజు. సుంకం ముప్పైకి ఒక వంతు. చందనం, కర్పూరం, చైనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పగడాలు, మిరియాలు, ఒక్కో సరుకుకీ ఎంతో రాసి ఉంది.

పోలికకు ఇంగ్లండ్‌లో 1215 నాటి మాగ్నా కార్టా అనే హక్కుల పత్రం చూడండి. అందులోనూ వర్తకుల గురించి ఒక నిబంధన ఉంది. వాళ్లు భద్రంగా రావచ్చు, పోవచ్చు, పాత ఆచారం ప్రకారమే తప్ప అన్యాయపు సుంకాలు వేయకూడదని. రెండింటికీ మధ్య ముప్పై ఏళ్లు కూడా లేవు. ఒకటి ప్రభువులు మెడ మీద కూర్చుని రాజు చేత ఒప్పించుకున్నది, రెండోది రాజు తానుగా ప్రకటించినది. పాప ఆ తేడా దగ్గర ఆగి ఆలోచించగలిగితే ఆ ప్రాజెక్టు మిగతా వాటిలో కలిసిపోదు.

ప్రశ్న: మేడం, నేను ఒక ప్రభుత్వ బడిలో తెలుగు పండితుడిని. పిల్లలకు ఓరుగల్లు వీధుల వర్ణన కోసం క్రీడాభిరామం అనే పాత నాటకం ఇవ్వొచ్చా? అది చరిత్రకు పనికొస్తుందా? (నల్గొండ)

జవాబు: అన్ని పద్యాలూ పిల్లలకు ఇవ్వదగ్గవి కావని మీకు నేను చెప్పక్కర్లేదు. పూటకూళ్లింటి పద్యం మాత్రం తప్పక ఇవ్వండి. ఒక రూకకు కప్పురభోగి అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుకోవడానికి నాలుగైదు రకాలు, గడ్డ పెరుగు. డబ్బు తీసుకుని బాటసారికి అన్నం పెట్టే ఇల్లు కూడా ఆ సమాజంలో ఒక పాత్రే, పాఠ్యపుస్తకంలో అది కనబడదు. అది ఓరుగల్లు పతనమయ్యాక కవి రాసిన నాటకం, ధరల పట్టిక కాదు అని పిల్లలకు ఒక్క మాట చెబితే చాలు.

మీది నల్గొండ కాబట్టి ఇంకొకటి. మీ జిల్లాలోనే చందుపట్ల ఉంది. 1289 నవంబరులో పువ్వుల ముమ్మడి అనే కొలువు మనిషి అక్కడ శాసనం వేయించాడు. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వాళ్ల పుణ్యం కోసం గుడికి భూమి ఇచ్చాడు. అంత పెద్ద రాణి ఎప్పుడు పోయిందో మనకు తెలిసింది ఈ ఒక్కడి వల్లే. పిల్లల్ని తీసుకెళ్లండి. అక్షరాలు బాగా కనిపించాలని రాయి మీద సుద్ద, పిండి, నూనె పూయనివ్వకండి. పొద్దున ఏటవాలు ఎండలో వెళ్తే వాటంతట అవే కనిపిస్తాయి. రాణి పేరు వెతకమని అందరూ చెబుతారు, మీరు ముమ్మడి పేరు వెతకమనండి.